మా ప్రహరీ గోడ మీద పార్టీ రాతలు: చెరిపేయొచ్చా?

సున్నండబ్బా · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీ. నేను ఉద్యోగం మీద బయట ఉంటాను, ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. చెల్లి పెళ్లని పదిహేను రోజుల కిందటే ప్రహరీకి రంగు వేయించాం. మొన్న పొద్దున అమ్మ ముగ్గు వేద్దామని గేటు తీసి చూస్తే గోడ నిండా ఒక పార్టీ గుర్తు, టికెట్ ఆశిస్తున్న ఒకాయన పేరు, "మీ ఓటు మాకే" అన్న రాత. మూలన చిన్న అక్షరాలతో "రిజర్వు" అని కూడా ఉంది.

రాసిన కుర్రాళ్లు అదే వీధిలో ఇంకో గోడ దగ్గర దొరికారు. ఎవర్ని అడిగి రాశారని అమ్మ అడిగితే "పెద్దాయనకి చెప్పే రాశాం అమ్మా" అన్నారట. మా నాన్న పోయి మూడేళ్లయింది.

ఇంకా మున్సిపల్ ఎన్నికల షెడ్యూల్ రాలేదు, ఈ వారంలో రావచ్చంటున్నారు. ఇప్పుడు నేను ఆ రాతలు చెరిపేయిస్తే ఏమన్నా కేసు అవుతుందా? అసలు వాళ్లు అలా రాయొచ్చా? గొడవలు మాకొద్దు, అమ్మకి టెన్షన్ లేకుండా ఉంటే చాలు.

చిరాకుమూర్తి · ఆదివారం, రాత్రి 9:52

పెద్దాయనకి చెప్పి రాశారంటే చాలా పైస్థాయిలోనే అనుమతి తెచ్చుకున్నారు సార్. ఇంక ఏం చేయలేం.

(క్షమించండి, నవ్వు ఆగలేదు. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకి కూడా రిజర్వు రాశారు.)

వీధిలాయర్ · ఆదివారం, రాత్రి 10:20

గోడ మీది, చెరిపే హక్కూ మీది. మీ సొంత గోడకి మీరు రంగు వేసుకుంటే ఏ కేసూ ఉండదు. కానీ చెరిపే ముందు ఫొటోలు తీయండి. గోడ మొత్తం పడేలా ఒకటి, ఇంటి నంబరు కనబడేలా ఒకటి.

రాయొచ్చా అంటే, రాయకూడదు. ఎన్నికల ప్రవర్తనా నియమావళి మొదటి భాగంలోనే ఈ మాట ఉంది. యజమాని అనుమతి లేకుండా ఎవరి స్థలంలోనూ, భవనం మీదా, ప్రహరీ మీదా జెండాలు పాతడం, బ్యానర్లు కట్టడం, నోటీసులు అంటించడం, నినాదాలు రాయడం చేయకుండా పార్టీలే తమ వాళ్లని ఆపాలి. షెడ్యూల్ రాలేదు కాబట్టి కోడ్ ఇంకా అమల్లో లేదని వాళ్లు అనొచ్చు. కోడ్ లేకపోయినా 1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం ఒకటి ఉంది. బహిరంగ ప్రదేశాలను పాడు చేయడం, అభ్యంతరకరమైన పోస్టర్లు వేయడం ఆపడానికి తెచ్చినది. దానికి ఎన్నికలతో పని లేదు, ఏడాది పొడుగునా ఉంటుంది. చాలామంది కోడ్ ఒక్కటే చట్టం అనుకుంటారు. నిజానికి కోడ్ అనేది చట్టసభ చేసిన చట్టమే కాదు. గోడల మీద రాతలకి కేసు పెట్టాలంటే చివరికి ఇలాంటి రాష్ట్ర చట్టం కిందే పెట్టాలి.

మున్సిపల్ కమిషనర్ పేరున ఒక పేజీ ఫిర్యాదు రాసి, ఫొటోలు జతచేసి ఇవ్వండి. రెండో కాపీ మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే మీరు ఫిర్యాదు ఇవ్వనట్టే లెక్క.

జెండాకర్ర · ఆదివారం, రాత్రి 11:05

నేను పార్టీ కార్యకర్తని, పదేళ్లుగా గోడలు రాయిస్తున్నా. ఏ పార్టీ అని అడగకండి, ఇక్కడ చెప్పకూడదు కూడా. అన్నా, మీ అమ్మగారికి జరిగింది తప్పే. కానీ మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. గోడ రాసేవాడికి గోడకింత అని లెక్క. వాడు రాత్రికి ఇరవై గోడలు పూర్తి చేయాలి, తలుపు కొట్టి అడిగే తీరిక వాడికుండదు. పైన నాయకుడు ఫొటోలు పంపమంటాడు. మనం రాయకపోతే తెల్లారేసరికి అవతలి వాళ్లు రాస్తారు. "రిజర్వు" వేసేది అందుకే.

మా వాళ్లే అయితే నేనే చెరిపిస్తా. ఊరి పేరు నాకు మెసేజ్ చేయండి.

లాంతరు · సోమవారం, ఉదయం 5:48

మీరంతా ఇప్పటి సంగతి చెబుతున్నారు. మా రోజుల్లో గోడ రాయడమంటే ఒకడు లాంతరు పట్టుకోవాలి, ఒకడు నీలిమందు కలపాలి, ఒకడు రాయాలి. గుర్తు సరిగ్గా గీసేవాడు ఊరికి ఒక్కడే ఉండేవాడు, అన్ని పార్టీలకీ వాడే. పొద్దున ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి గీసేవాడు. గీతలో మాత్రం తేడా చూపించేవాడు కాదు.

1990 డిసెంబరులో శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా వచ్చారు, 1996 డిసెంబరు దాకా ఉన్నారు. ఆయన వచ్చాక గోడలు తెల్లబడ్డాయి. అంతకుముందు మా ఇంటి గోడ మీద మూడు ఎన్నికల రాతలు పొరలు పొరలుగా ఉండేవి. వాన పడితే కింది ఎన్నిక బయటపడేది.

మాజీ_స్క్వాడ్ · సోమవారం, మధ్యాహ్నం 1:15

నేను టీచర్‌ని. 2023 అసెంబ్లీ ఎన్నికలకి ఈ తొలగింపు పని చూసే బృందంలో డ్యూటీ వేశారు. అక్టోబరు 9న షెడ్యూల్ వచ్చింది, ఆ సాయంత్రమే పిలుపు.

లెక్క ఇలా ఉంటుంది. షెడ్యూల్ ప్రకటించిన క్షణం నుంచి ప్రభుత్వ కార్యాలయాల మీద, వాటి ఆవరణల్లో ఉన్న రాతలు, పోస్టర్లు, కటౌట్లు 24 గంటల్లో పోవాలి. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, వంతెనలు, కరెంటు స్తంభాలు, మున్సిపల్ భవనాల వంటి వాటికి 48 గంటలు. ప్రైవేటు ఆస్తుల మీద అనుమతి లేకుండా ఉన్న వాటికి 72 గంటలు. కాగితం మీద ఎంత చక్కగా ఉందో చూడండి. మాకిచ్చింది ఒక ట్రాక్టరు, ఒక నిచ్చెన, నలుగురు మనుషులు.

మొదటి రోజు రాత్రి ఒంటిగంట దాకా విగ్రహాలకి గుడ్డలు కట్టాం. రెండో రోజు పొద్దుటికి గుడ్డ అయిపోయింది. శిలాఫలకాలకి న్యూస్‌పేపర్ అంటించమన్నారు, అంటించాం. సాయంత్రం పై అధికారి వచ్చి చూసి తల పట్టుకున్నారు. మేం అంటించిన పేపర్ నిండా అదే నాయకుడి ఫుల్ పేజీ ప్రకటన!

అన్ని బొమ్మలకీ ముసుగు అక్కర్లేదు. జాతీయ నాయకులు, కవులు, చరిత్ర పురుషులు, రాష్ట్రపతి, గవర్నర్ల బొమ్మలకి మినహాయింపు ఉంది. కానీ కింద పనిచేసే మాలాంటివాళ్లకి భయం కదా, ఏది వదిలితే ఏం వస్తుందోనని కనబడిన ప్రతిదానికీ గుడ్డ చుట్టేశాం. ఒక కవిగారి విగ్రహానికి మూడు రోజులు ఊపిరాడలేదు.

సున్నండబ్బా గారూ, మీకు వచ్చేవి మున్సిపల్ ఎన్నికలు కాబట్టి ఒక తేడా గుర్తుంచుకోండి. నేను చెప్పిన గంటల లెక్క ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలకి కేంద్ర ఎన్నికల సంఘం పెట్టింది. మున్సిపాలిటీ, పంచాయతీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. వాళ్ల కోడ్ వాళ్లే ఇస్తారు. షెడ్యూల్‌తో పాటు వచ్చే ఆ కాగితం చదవండి.

సున్నండబ్బా · సోమవారం, మధ్యాహ్నం 2:02

మేడమ్, చాలా థాంక్స్. అయితే ఎన్నికల ఫిర్యాదులు పంపే సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెడితే సరిపోతుందని మా బావ అంటున్నాడు. నిజమేనా?

మాజీ_స్క్వాడ్ · సోమవారం, మధ్యాహ్నం 2:30

ఆ యాప్ కేంద్ర ఎన్నికల సంఘానిది, 2018లో వచ్చింది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లే పనికొస్తుంది. అందులో ఫొటోగానీ రెండు నిమిషాల వీడియోగానీ అక్కడికక్కడ తీసి పంపాలి, గ్యాలరీలో ఉన్న పాత ఫొటో పెడదామంటే కుదరదు. వంద నిమిషాల్లో తేల్చాలన్నది దాని గడువు. మా బృందానికి ఒకసారి ఫిర్యాదు వచ్చింది, పరిగెత్తుకుంటూ వెళ్లాం. తీరా చూస్తే ఎవరో తమ సెల్ఫీయే పంపారు, నిజంగా పనిచేస్తుందో లేదో చూద్దామని. వంద నిమిషాల్లో ఆ ముఖం గురించి నివేదిక రాశాం.

మీ మున్సిపల్ ఎన్నికలకి దాన్ని నమ్ముకోకండి. కాగితమే నయం.

బాల్కనీ302 · సోమవారం, సాయంత్రం 6:40

మధ్యలో వచ్చినందుకు సారీ, నాది తిరగేసిన సమస్య. నాకు నచ్చిన పార్టీ జెండా మా ఫ్లాట్ బాల్కనీకి కట్టుకున్నా. అసోసియేషన్ వాళ్లు తీసేయమంటున్నారు. నా ఇల్లు, నా ఇష్టం కాదా?

వీధిలాయర్ · సోమవారం, సాయంత్రం 7:25

ఎవరి ఒత్తిడీ లేకుండా, తనంతట తాను, ఇతరులకి ఇబ్బంది కలగకుండా సొంత ఇంటి మీద జెండా కట్టుకుంటే ఎన్నికల సంఘానికి అభ్యంతరం లేదు. అసోసియేషన్ బైలాస్ వేరే సంగతి. బాల్కనీ లోపలి వైపు మీది, బయటి గోడ, పిట్టగోడ అందరిదీ అని రాసుకుని ఉంటారు. ముందు అది చదవండి.

ఒక మెలిక ఉంది. జెండా వరకు పర్లేదు. అదే "ఫలానా అభ్యర్థికి ఓటేయండి" అని బ్యానర్ కడితే అది ఆ అభ్యర్థి ప్రచారం కిందికి వస్తుంది. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని కోసం ఖర్చు పెట్టడం నేరం. పాత శిక్షా స్మృతిలో 171-హెచ్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 176. జరిమానా అప్పట్లో 500 రూపాయల దాకా, ఇప్పుడు 10,000 దాకా. సరదా ఏంటంటే, అనుమతి లేకుండా ఖర్చు పెట్టినా పది రూపాయలు మించకపోతే, పది రోజుల్లోపు అభ్యర్థి దగ్గర రాయించుకుంటే మాఫీ. ఆ పది రూపాయలు బ్రిటిష్ కాలం నాటివి. జరిమానా పెరిగింది, పది రూపాయలు మాత్రం పదే.

చిరాకుమూర్తి · సోమవారం, సాయంత్రం 7:31

పది రూపాయలకి బ్యానర్ కాదు కదా, దాన్ని కట్టే సుతిలి కూడా రాదు.

రోలుమెషీన్ · సోమవారం, రాత్రి 8:50

నాకు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది, ఆంధ్రా వైపు. అందరూ మమ్మల్నే తిడతారు కాబట్టి మా బాధ కూడా రాస్తా.

ఎన్నికలప్పుడు అచ్చేసే ప్రతి పోస్టరు మీదా, కరపత్రం మీదా ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127-ఏ సెక్షన్. వేయించుకునేవాడు ఇద్దరు తెలిసినవాళ్ల సాక్షి సంతకాలతో డిక్లరేషన్ ఇవ్వాలి, రెండు కాపీలు. అచ్చయ్యాక ఒక డిక్లరేషన్, ఒక పోస్టరు కాపీ మేం జిల్లా అధికారికి పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 జరిమానా, లేదా రెండూ. సభ ఫలానా చోట, ఫలానా టైముకి అని మాత్రమే ఉన్న పోస్టరుకి ఇదంతా అక్కర్లేదు.

ఇప్పుడు జరిగేది చూడండి. రాత్రి పదకొండుకి ఒకడు వాట్సాప్‌లో డిజైన్ పంపుతాడు, "అన్నా పొద్దున ఆరింటికల్లా కావాలి" అంటాడు. డిక్లరేషన్ అంటే "రేపు ఇస్తాలే" అంటాడు. కింద మా షాపు పేరు వేస్తే "అది ఎందుకు, లెక్కలోకి వస్తుంది తీసెయ్" అంటాడు. అసలు సంగతి అదే. పోస్టరు మీద పేరుంటే అది అభ్యర్థి ఖర్చు ఖాతాలో పడుతుంది. పెద్ద రాష్ట్రాల్లో ఎమ్మెల్యేకి పరిమితి 40 లక్షలు, ఎంపీకి 95 లక్షలు. పేరు లేని ఫ్లెక్సీ ఎవడిదీ కాదు. నేను పేరు లేకుండా వేయనంటే పక్క షాపుకి పోతాడు.

2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధమని మా రాష్ట్రంలో ప్రకటించినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. మెషీన్ మీద అప్పు ఇంకా తీరలేదు. గుడ్డ మీద వేయండన్నారు. గుడ్డ మీద వేయాలంటే ఇంకు, మెషీన్ అన్నీ వేరు. అప్పటి టెన్షన్ మీకెవరికీ తెలీదు.

జెండాకర్ర · సోమవారం, రాత్రి 9:20

రోలుమెషీన్ అన్నా, నువ్వు నిజం చెప్పావు. పేరు తీసెయ్ అనేది మేమే.

లాంతరు · మంగళవారం, ఉదయం 5:55

ఫ్లెక్సీ ఒకందుకు మంచిదే. మా ఊళ్లో ఎన్నికలు అయిపోగానే జనం వాటిని విప్పుకుపోతారు. వడ్లు కప్పడానికి, గొడ్ల కొట్టం మీద పరచడానికి అంతకంటే మంచి పట్టా లేదు. మా పక్కింటాయన గడ్డివాము మీద ఇద్దరు ప్రత్యర్థులు ఐదేళ్లుగా చేతులు జోడించుకుని పడుకుని ఉన్నారు.

మాజీ_స్క్వాడ్ · మంగళవారం, మధ్యాహ్నం 12:40

బాబాయ్, కప్పుకోండి కానీ కాల్చకండి. అది పీవీసీ, కాలిస్తే వచ్చే పొగ విషమే. మేం తీసిన వాటిని డంపింగ్ యార్డుకి పంపాం, అక్కడ ఎవరో నిప్పు పెట్టారు. రెండు రోజులు ఆ వాసనే.

కట్టడం కూడా చూసి కట్టాలి. 2019 సెప్టెంబరులో చెన్నైలో స్కూటర్ మీద వెళ్తున్న ఒక యువ ఇంజనీరు మీద రోడ్డు మధ్య కట్టిన బ్యానర్ ఊడిపడింది. ఆ అమ్మాయి కింద పడితే వెనక వస్తున్న ట్యాంకర్ ఎక్కేసింది. అది ఎన్నికల బ్యానర్ కాదు, ఒక నాయకుడి ఇంట్లో పెళ్లిది. మన దగ్గరా అంతే కదా, ఎన్నికల ఫ్లెక్సీల కంటే పుట్టినరోజు ఫ్లెక్సీలే ఎక్కువ. వాటికి ఏ కోడూ వర్తించదు.

వీధిలాయర్ · మంగళవారం, సాయంత్రం 6:10

తీయించడం గురించి ఒక మంచి కేసు చెప్తా. 2024 సెప్టెంబరులో ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఎన్నికల్లో అభ్యర్థులు ఊరంతా పోస్టర్లతో నింపేశారు. ఢిల్లీ హైకోర్టు పోలింగ్ ఆపలేదు. ఓట్ల లెక్కింపు మాత్రం గోడలన్నీ శుభ్రమయ్యేదాకా వద్దంది. సెప్టెంబరు 27న ఓట్లు పడితే ఫలితాలు వచ్చింది నవంబరు 25న. గెలిచిందెవరో తెలీక అందరూ బకెట్లు పట్టుకుని గోడలు కడిగారు. జరిమానా కంటే ఇలాంటిదే పనిచేస్తుందని నా అభిప్రాయం. మన దగ్గర ఎన్నిక అయ్యాక అడిగే నాథుడే లేడు. గెలిచినవాడు ధన్యవాదాల ఫ్లెక్సీ కడతాడు, ఓడినవాడికి ఓపికుండదు.

రంగు కూడా ప్రచారమే అని కోర్టులు అన్న సందర్భం ఉంది. 2020లో పంచాయతీ భవనాలకి వేసిన పార్టీ రంగులు తీసేయమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అప్పీలుకి వెళ్తే సుప్రీంకోర్టు కూడా తీసేయాల్సిందే అంది.

చిరాకుమూర్తి · మంగళవారం, సాయంత్రం 6:18

ఆ రంగులు వేసింది

[మిగతా భాగం తొలగించాం. పార్టీల పేర్లు వద్దని ముందే చెప్పాం. – మోడరేటర్]

సున్నండబ్బా · బుధవారం, రాత్రి 8:15

షెడ్యూల్ వచ్చేసింది. ఈలోపు ఇంకో తలనొప్పి. ఆ రాతల పక్కనే ఖాళీగా ఉన్న చోట అవతలి పార్టీ వాళ్లు పోస్టర్లు అంటించారు. మా పిన్ని కొడుకు ఇవి రెండూ చింపేసి వస్తానని బయల్దేరాడు. వీధిలో ఉన్నవన్నీ కూడా చింపుతాడట, ఆపడం నా వల్ల కావట్లేదు.

వీధిలాయర్ · బుధవారం, రాత్రి 8:22

ఆపండి. మీ గోడ వరకే. వీధిలో స్తంభం మీదున్నదీ, పక్కింటి గోడ మీదున్నదీ అధికారులు తీయాలి, మీ తమ్ముడు కాదు. ఒక పార్టీ పోస్టర్లని ఇంకో పార్టీ వాళ్లు తీయకూడదని కోడ్‌లోనే ఉంది. మీ తమ్ముడికి ఏ పార్టీ లేకపోయినా చింపుతూ కెమెరాకి దొరికితే ఒక పార్టీ అంటగడతారు.

ఇంకో మాట. ఇప్పుడు ఎవరైనా వచ్చి అనుమతి అడిగితే నోటిమాట ఇవ్వకండి. ఎన్నికల సంఘం పద్ధతి ప్రకారం అనుమతి రాతలో ఉండాలి, దాని నకలు అభ్యర్థి మూడు రోజుల్లో ఎన్నికల అధికారికి ఇవ్వాలి. మీరు ఒప్పుకున్నా స్థానిక చట్టం గోడ రాతలకి వీల్లేదంటే వీల్లేదు. జెండా, బ్యానర్ లాంటి సులువుగా ఊడదీసేవి వేరు, రంగు రాతలు వేరు.

జెండాకర్ర · బుధవారం, రాత్రి 9:00

అన్నా, ఊరి పేరు పంపారుగా, కనుక్కున్నా. మా వాళ్లే. సిగ్గుగా ఉంది. రేపు పొద్దున ఇద్దరు సున్నం తీసుకుని వస్తారు, అమ్మగారికి చెప్పండి.

సున్నండబ్బా · శనివారం, ఉదయం 10:30

అప్‌డేట్. ఫిర్యాదు ఇచ్చాం, ముద్ర కూడా వేయించాం. మున్సిపాలిటీ వాళ్లు వచ్చేలోపే జెండాకర్ర అన్న చెప్పిన కుర్రాళ్లు వచ్చి చెరిపి వెళ్లారు. అమ్మ వాళ్లకి టీ ఇచ్చింది. అన్నా, మాట నిలబెట్టుకున్నారు, థాంక్స్.

కాకపోతే మా గోడది క్రీమ్ కలర్ ఎమల్షన్. వాళ్లు వేసింది తెల్ల సున్నం. ఇప్పుడు గోడ మధ్యలో పెద్ద తెల్ల చదరం, దాని లోపల్నుంచి గుర్తు లీలగా కనిపిస్తూనే ఉంది. నిన్న సాయంత్రం మూడో పార్టీ వాళ్లు ఆ తెల్లటి చోటు చూసి గేటు కొట్టారు. ఈసారి పద్ధతిగా అనుమతి పత్రం కూడా టైప్ చేసి తెచ్చారు. అమ్మ చదివి వద్దంది. "మీరు కాదమ్మా, పెద్దాయన సంతకం కావాలి, పిలవండి" అన్నారట.

చిరాకుమూర్తి · శనివారం, ఉదయం 10:34

ఈసారి నేను నవ్వను.

రోలుమెషీన్ · శనివారం, ఉదయం 11:10

సున్నం మీద నేరుగా ఎమల్షన్ వేయకండి, పెచ్చులు లేస్తుంది. ముందు సున్నాన్ని గీకించి, తడిబట్టతో తుడిపించి, ఆరాక ప్రైమర్ కొట్టించండి. ఒక కోటు చాలదు. గుర్తు ఎర్ర రంగుతో వేసి ఉంటే రెండు కోట్లు వేయించండి, లేకపోతే మళ్లీ పైకి తేలుతుంది.

సున్నండబ్బా · శనివారం, ఉదయం 11:16

ఎరుపే అన్నా. మేస్త్రీకి ఫోన్ చేస్తున్నా, ఎన్నికలయ్యేదాకా ఖాళీ లేదట. ఇప్పుడంతా గోడ రాతల పనిలో ఉన్నాడట.